రెండు వోల్టులే సరైన లెక్క: ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ గురించి ఒక విద్యార్థినికి సమాధానం

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం. ఇంట్లో తెలుగు మాట్లాడతాం. పదో తరగతి దాకా ఒడియా మీడియంలో చదివాను. ఇప్పుడు ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. మా నాన్న మోటార్లు వైండింగ్ చేస్తారు. ల్యాబ్‌లో రెండు ఆర్‌సి లోపాస్ సర్క్యూట్లు (రెసిస్టర్, కెపాసిటర్‌తో తక్కువ ఫ్రీక్వెన్సీలనే దాటనిచ్చేవి) ఒకదాని వెనక ఒకటి కలిపాం. రెండు రెసిస్టర్లూ 10 కిలోఓములు, రెండు కెపాసిటర్లూ 0.1 మైక్రోఫారడ్. ఒక్కో దాని ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ (అవుట్‌పుట్ ఇన్‌పుట్‌కి ఎన్ని రెట్లో చెప్పే ఫార్ములా) పుస్తకంలో ఉంది కాబట్టి రెండూ గుణించాను. 159 హెర్ట్జ్ దగ్గర సగం రావాలని లెక్క తేలింది. 6 వోల్టులు ఇస్తే 3 వోల్టులు రావాలి. స్కోప్ (ఆసిలోస్కోప్) మీద 2 వోల్టులే వచ్చింది. మూడుసార్లు చూశాను, అంతే వచ్చింది. "పార్టుల టోలరెన్స్ అమ్మా, రికార్డులో 3 అని రాసుకో" అన్నారు ల్యాబ్ సార్. రాసేశాను కానీ మనసు ఒప్పడం లేదు. అసలు ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ కనుక్కోవడానికి నమ్మదగిన పద్ధతి ఏదైనా ఉందా? పరీక్షలో కొంచెం పెద్ద సర్క్యూట్ కనిపిస్తే చాలు, టెన్షన్‌తో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఇంగ్లీషులో చదివింది బుర్రకెక్కడం కూడా కష్టంగా ఉంది.

సమాధానం:

అమ్మా, నీ స్కోప్ నిజం చెప్పింది. 2 వోల్టులే సరైన జవాబు. నీ చేతిలో ఉన్న కొలతని నమ్మి, కాగితం మీది లెక్కని అనుమానించావు చూడు, ఇంజినీరుకి కావలసిన మొదటి గుణం అదే. దాన్ని ఎవరు ఏమన్నా వదులుకోకు.

ముందు ఈ టోలరెన్స్ సంగతి తేల్చేద్దాం. రెసిస్టర్ 5 శాతం, కెపాసిటర్ 10 శాతం అటూఇటూ ఉండొచ్చు. నాలుగు పార్టులూ కూడబలుక్కున్నట్టు ఒకే వైపు, అంటే ఎక్కువ వైపు, పూర్తిగా జరిగాయనుకుందాం. అప్పుడు ఆర్, సి గుణకారం 1.155 రెట్లు అవుతుంది. నీ గుణకారం ఫార్ములాలోనే ఆ విలువ పెట్టి చూడు, 2.57 వోల్టులు వస్తాయి. ఎంత చెడ్డ పార్టులు పడినా అంతకన్నా కిందికి దిగదు. నీకు వచ్చింది 2. కాబట్టి తప్పు పార్టుల్లో లేదు, ఫార్ములా వాడిన చోట ఉంది. ఎవరైనా టోలరెన్స్ అన్నప్పుడు ఇలా ఒక్కసారి అంకెలు వేసి చూడడం అలవాటు చేసుకో. ఆ మాట చాలా నిజమైన తేడాలను కప్పేస్తుంది.

ఫార్ములా ఎక్కడ తప్పింది? రాసుకోవడానికి వీలుగా ఎస్ (లాప్లాస్ లెక్కలో ఫ్రీక్వెన్సీ స్థానంలో వచ్చే అక్షరం), ఆర్ (రెసిస్టర్ విలువ), సి (కెపాసిటర్ విలువ) మూడింటి గుణకారాన్ని "ప" అని పిలుద్దాం. ఒక్క ఆర్‌సి సర్క్యూట్ ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ 1/(1+ప). ఇది అందరికీ కంఠతా వచ్చు. దీని వెనక ఒక షరతు ఉంది, దాన్ని మాత్రం ఎవరూ కంఠతా పట్టరు. కెపాసిటర్ మీది నుంచి బయటికి ఎవరూ కరెంటు లాగకూడదు. లాగనంతసేపే రెసిస్టర్‌లోనూ కెపాసిటర్‌లోనూ ఒకే కరెంటు ఉంటుంది, అప్పుడే ఆ చిన్న ఫార్ములా వస్తుంది. నువ్వు రెండో సర్క్యూట్ తగిలించగానే అది మొదటిదాన్నుంచి కరెంటు లాగడం మొదలుపెట్టింది. షరతు పోయింది, ఫార్ములా కూడా పోయింది. దీన్నే లోడింగ్ అంటారు.

మీ నాన్నగారికి ఇది పుస్తకం లేకుండానే తెలుసు. వంశధార ఒడ్డున పొలాల్లో పెద్ద మోటారు స్టార్ట్ చేయగానే అదే లైను మీదున్న ఇళ్లల్లో బల్బులు మసకబారతాయి. మోటారు లాగే కరెంటు లైను తీగల గుండానే రావాలి, తీగలకి కొంత ఇంపీడెన్స్ (కరెంటుకి అడ్డు) ఉంది, అక్కడ వోల్టేజి పడిపోతుంది. నీ సర్క్యూట్‌లో తీగల స్థానంలో ఉన్నది మొదటి 10 కిలోఓముల రెసిస్టర్. మోటారు స్థానంలో ఉన్నది రెండో ఆర్‌సి. ఒకసారి నాన్నగారితో కూర్చుని ఈ సర్క్యూట్ గీసి చూపించు. ఆయన చెప్పే మాటలు నీకు లోడింగ్ మీద ఏ అధ్యాయం కన్నా బాగా పనికొస్తాయి.

ఇక పద్ధతి. నువ్వు అడిగిన నమ్మదగిన పద్ధతి ఉంది. ఇలా మెట్లు మెట్లుగా ఉండే సర్క్యూట్లకి, అంటే ఒక పార్టు అడ్డంగా, ఒకటి నిలువుగా, మళ్లీ ఒకటి అడ్డంగా ఉండేవాటికి, చివరి నుంచి మొదలుపెట్టి వెనక్కి నడవాలి. అవుట్‌పుట్ 1 వోల్టు ఉందని అనుకోవాలి. ఆ 1 వోల్టు రావాలంటే ఇన్‌పుట్ ఎంత ఉండాలో కట్టుకుంటూ పోవాలి. మెష్ సమీకరణాలు వద్దు, డిటర్మినెంట్లు వద్దు. కావలసినవి ఓమ్ సూత్రం, కిర్కాఫ్ చెప్పిన రెండు నియమాలు. కిర్కాఫ్ ఆ నియమాలను 1845లో ప్రచురించాడు, అప్పటికి అతనూ నీలాగే విద్యార్థి.

ఇంపీడెన్స్ గురించి ఒక్క మాట. కెపాసిటర్‌లో కరెంటు దాని వోల్టేజి మారే వేగాన్ని బట్టి ఉంటుంది. లాప్లాస్‌లోకి వెళితే ఆ "మారే వేగం" అన్నది ఎస్‌తో గుణించడంగా మారుతుంది, అందుకే కెపాసిటర్ ఇంపీడెన్స్ 1/(ఎస్ × సి). అదే కారణంతో కాయిల్‌కి ఎస్ × ఎల్. మొదట్లో కెపాసిటర్ల మీద ఛార్జి, కాయిళ్లలో కరెంటు సున్నా అని పెట్టుకుంటాం. ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ నిర్వచనంలోనే ఆ మాట ఉంది. ఇంతవరకు చాలు, ఇక అన్నీ రెసిస్టర్లే అన్నట్టు లెక్క చేసుకోవచ్చు.

పెన్సిల్ తీసుకో. ఆర్‌ని 1 అనుకో, అప్పుడు కెపాసిటర్ ఇంపీడెన్స్ 1/ప. చివరి కెపాసిటర్ మీద 1 వోల్టు ఉంది. అందులో కరెంటు ప. ఆ కరెంటు రెండో రెసిస్టర్ గుండానే రావాలి, కాబట్టి దాని మీద వోల్టేజి కూడా ప. మధ్య నోడ్ (పార్టులు కలిసే చోటు) దగ్గర వోల్టేజి ఇప్పుడు 1+ప. ఆ నోడ్ నుంచి కిందికి దిగే మొదటి కెపాసిటర్‌లో కరెంటు ప × (1+ప), అంటే ప+ప². ఇక్కడ ఆగి జాగ్రత్తగా చూడు. మొదటి రెసిస్టర్ ఎన్ని కరెంట్లు మోస్తోంది? రెండు. తన కెపాసిటర్‌కి వెళ్లే ప+ప², రెండో సర్క్యూట్‌కి వెళ్లే ప. మొత్తం 2ప+ప². దాని మీద వోల్టేజీ అంతే. దీన్ని మధ్య నోడ్ వోల్టేజికి కలిపితే ఇన్‌పుట్ 1+3ప+ప². అవుట్‌పుట్ 1 కాబట్టి ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ 1/(1+3ప+ప²).

నువ్వు గుణించినప్పుడు వచ్చింది 1/(1+2ప+ప²). రెండింటికీ తేడా ఒకే ఒక్క ప. ఆ ప ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడే చూశావు. రెండో సర్క్యూట్ కరెంటును మొదటి రెసిస్టర్ మోయాల్సి రావడం వల్ల పడిన వోల్టేజి అది. గుణకారంలో దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఇప్పుడు 159 హెర్ట్జ్. సైన్ వేవ్‌కి ఎస్ బదులు జె × ఒమేగా పెడతాం. జె అంటే వర్గం −1 అయ్యే సంఖ్య, ఒమేగా అంటే 2π × ఫ్రీక్వెన్సీ. అక్కడ ఒమేగా సెకనుకి 1000 రేడియన్లు, ఆర్ × సి ఒక మిల్లీసెకను, కాబట్టి ప విలువ సరిగ్గా జె. ప² అంటే −1. 1+3జె−1 అంటే 3జె. మూడో వంతు, 90 డిగ్రీలు వెనక. 6 వోల్టులకి 2 వోల్టులు. నీ ఫార్ములా ప్రకారమైతే 2జె, అంటే సగం, ఫేజ్ మళ్లీ 90 డిగ్రీలే. చూశావా, ఫేజ్ మాత్రమే కొలిచి ఉంటే తప్పు ఫార్ములా కూడా పాసయ్యేది. యాంప్లిట్యూడ్ కొలిచావు కాబట్టి దొరికింది.

ఇంకో కొలత చేస్తే అనుమానం పూర్తిగా పోతుంది. జనరేటర్‌ని 60 హెర్ట్జ్ దగ్గరికి తే. సరైన ఫార్ములా ప్రకారం అవుట్‌పుట్ 4.2 వోల్టుల చుట్టుపక్కల ఉండాలి, ఎందుకంటే ఈ సర్క్యూట్ కటాఫ్ (అవుట్‌పుట్ ఇన్‌పుట్‌లో 0.707 వంతుకి పడే ఫ్రీక్వెన్సీ) దాదాపు అక్కడే ఉంది. గుణకారం ఫార్ములా అయితే సుమారు 5.3 వోల్టులు చూపించాలి. ఒక వోల్టు తేడాని స్కోప్ తెర మీద కంటితోనే పట్టుకోవచ్చు. రెండు ఫ్రీక్వెన్సీల దగ్గర రెండు ఫార్ములాల జవాబులూ, నీ కొలతలూ పక్కపక్కన రాసి రికార్డు దిద్దుకో. కొలిచిన అంకెని మార్చి రాయమని ఎవరు చెప్పినా వినకు. అది చిన్న విషయం కాదు. రేపు ఏ సబ్‌స్టేషన్‌లోనో రిలే సెట్టింగ్ చూసేటప్పుడు ఇదే అలవాటు నీ వెంట వస్తుంది.

జవాబు వచ్చాక దాన్ని సరిచూసుకోవడం నేర్చుకుంటే పరీక్ష టెన్షన్ సగం తగ్గుతుంది. ఎందుకంటే తప్పు చేశావో లేదో చెప్పడానికి ఇంకెవరూ అక్కర్లేదు. ఎస్ సున్నా అనుకో. కెపాసిటర్లు తెగిపోయినట్టే, కరెంటు లేదు, రెసిస్టర్ల మీద వోల్టేజి పడదు, ఇచ్చింది ఇచ్చినట్టు బయటికి రావాలి. ఫార్ములాలో ప సున్నా పెడితే 1 వస్తోంది, బాగుంది. ఎస్ చాలా పెద్దది అనుకో. కెపాసిటర్లు షార్ట్ అయినట్టు, అవుట్‌పుట్ ఏమీ రాకూడదు. ఫార్ములా కూడా సున్నాకే పోతోంది. కెపాసిటర్లు రెండు ఉన్నాయి, కింద పెద్ద ఘాతం ప², సరిపోయింది. రెసిస్టర్లు, కెపాసిటర్లు, కాయిళ్లు మాత్రమే ఉన్న సర్క్యూట్‌లో కింది భాగంలో ఎక్కడైనా మైనస్ గుర్తు కనిపిస్తే వెంటనే వెనక్కి వెళ్లి వెతుకు, తప్పు చేసి ఉంటావు. ఇంకా ఒకటి: కాయిల్ లేకుండా ఆర్, సి మాత్రమే ఉంటే పోల్స్ (కింది భాగాన్ని సున్నా చేసే ఎస్ విలువలు) అన్నీ నిజ సంఖ్యలే రావాలి. నీ సర్క్యూట్‌కి అవి సుమారు −382, −2618. గుణకారం ఫార్ములాలో రెండు పోల్సూ −1000 దగ్గరే ఉండేవి. లోడింగ్ వాటిని విడదీసి, ఒకదాన్ని బాగా ముందుకు లాగింది. కటాఫ్ అంత కిందికి దిగడానికి కారణం ఆ మొదటి పోల్.

యూనిట్లు కూడా చూడాలి. విడి విలువలతో రాస్తే ఎస్ పక్కన ఉండే ప్రతి అంకెకీ సెకన్లు రావాలి, ఎస్² పక్కన సెకన్ల వర్గం రావాలి. ఓములు, ఫారడ్ల గుణకారం సెకన్లే. ఎక్కడైనా ఒక ఆర్ ఒంటరిగా మిగిలిపోతే అక్కడే పొరపాటు.

మరి గుణించడం ఎప్పుడూ తప్పేనా? కాదు. రెండో సర్క్యూట్ కరెంటు లాగకుండా చేస్తే గుణకారం నిక్షేపంలా పనిచేస్తుంది. మధ్యలో ఒక ఆప్‌ఆంప్‌ని వోల్టేజి ఫాలోయర్‌గా (ఇచ్చిన వోల్టేజినే బయటికి ఇచ్చేలా) పెట్టు, 741 అయినా సరే. దాని ఇన్‌పుట్ దాదాపు కరెంటు తీసుకోదు, రెండో సర్క్యూట్‌కి కావలసిన కరెంటు దాని సప్లై నుంచి వస్తుంది. అప్పుడు 159 హెర్ట్జ్ దగ్గర నీ 3 వోల్టులు నిజంగానే వస్తాయి. ల్యాబ్‌లో అవకాశం ఉంటే ఇది చేసి చూడు. ఒకే పార్టులు, మధ్యలో ఒక్క ఐసి, 2 వోల్టులు 3 అవడం కంటితో చూస్తే లోడింగ్ ఇక జన్మలో మరిచిపోవు.

ఆప్‌ఆంప్ లేకపోతే ఇంకో దారి ఉంది. రెండో రెసిస్టర్‌ని 100 కిలోఓములు, రెండో కెపాసిటర్‌ని 0.01 మైక్రోఫారడ్ చెయ్యి. గుణకారం అదే మిల్లీసెకను, కానీ అది లాగే కరెంటు పదో వంతు. వెనక్కి నడిచి చూస్తే మధ్య అంకె 3 బదులు 2.1 వస్తుంది, అవుట్‌పుట్ 2.86 వోల్టులు ఉండాలి. కానీ స్కోప్‌ని మామూలు ప్రోబ్‌తో పెడితే 2.7 దగ్గర చూపిస్తుంది. భయపడకు. స్కోప్ ఇన్‌పుట్ సాధారణంగా 1 మెగాఓమ్. 10 కిలోఓముల సర్క్యూట్‌కి అది లెక్కలోది కాదు, 100 కిలోఓముల సర్క్యూట్‌కి అది కూడా ఒక లోడే. పది రెట్ల ప్రోబ్ పెడితే 10 మెగాఓములు అవుతుంది, అంకె మళ్లీ పైకి వస్తుంది. కొలిచే పరికరం కూడా సర్క్యూట్‌లో భాగమే అని మర్చిపోకూడదు.

ఈ సంగతి మీద ఇంత సేపు ఎందుకు ఆగుతున్నానంటే, వచ్చే సెమిస్టర్లలో నీకు కంట్రోల్ సిస్టమ్స్ వస్తుంది. అక్కడ అన్నీ పెట్టెలే, పెట్టె పక్కన పెట్టె, వాటిని గుణించెయ్యమంటారు. ఆ గుణకారం వెనక కూడా ఇదే షరతు ఉంది. కోరాపుట్ జిల్లాలో, ఆంధ్ర సరిహద్దు మీద 1955 నుంచి నడుస్తున్న మాచ్‌ఖండ్ లాంటి జలవిద్యుత్ కేంద్రంలో టర్బైన్ గవర్నర్‌ని లెక్క కట్టినా, ఒక పెట్టె మీద తర్వాతి పెట్టె ఎంత భారం వేస్తోందో ముందే చూసుకుని గీయాలి. భారాన్ని లోపలికి తీసుకున్నాకే పెట్టెలు గుణించాలి.

మెట్లలా లేని సర్క్యూట్ వస్తే, ఉదాహరణకి ఇన్‌పుట్ నుంచి అవుట్‌పుట్‌కి పైనుంచి ఇంకో దారి ఉంటే, వెనక్కి నడిచే పద్ధతి ఆగిపోతుంది. అప్పుడు నోడ్ సమీకరణాలు రాయి. తెలియని వోల్టేజి ఉన్న ప్రతి నోడ్ దగ్గరా బయటికి పోయే కరెంట్ల మొత్తం సున్నా, అంతే. ఆర్‌లు, సిలు అక్షరాల్లోనే ఉంచి చివర్లో అంకెలు పెట్టు. ముందే అంకెలు పెడితే యూనిట్లు సరిచూసే అవకాశం పోతుంది.

భాష గురించి నువ్వు రాసింది చదివి బాధ కలిగింది, ఎందుకంటే ఆ కష్టం నిజం. ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి, కాలేజీలో ఇంకొకటి. నా సలహా ఇది: లెక్క చేసేటప్పుడు నోటితో తెలుగులో చెప్పుకుంటూ చెయ్యి. "ఈ కరెంటు ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోతోంది, ఈ రెసిస్టర్ ఎవరిది మోస్తోంది" అని. ఒడియా ముందుగా నోటికొస్తే ఒడియాలోనే చెప్పుకో. ఆలోచన తేలాక పరీక్షకి కావలసిన నాలుగు ఇంగ్లీషు వాక్యాలు రాయడం పెద్ద పని కాదు. అవి ఎప్పుడూ దాదాపు అవే వాక్యాలు, ఒకసారి రాసి పెట్టుకుంటే చాలు. మీ ఊరి రైలు మార్గంలోనే ఉన్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు సవర గిరిజన పిల్లలకి సవర భాషలోనే చదువు చెప్పాలని పాటుపడ్డారు, దానికోసం ఆ భాష నేర్చుకుని పుస్తకాలు రాశారు. మాట్లాడే భాషలో అర్థం చేసుకోవడం తక్కువతనం ఎంతమాత్రం కాదు.

చివరగా సాధనకి ఒకటి. మూడో ఆర్‌సి కూడా తగిలించి, అదే పద్ధతిలో ఇంకో మెట్టు వెనక్కి నడువు. 1+6ప+5ప²+ప³ రావాలి. ఇప్పుడు ఈ మూడూ కలిసి ఫేజ్‌ని సరిగ్గా 180 డిగ్రీలు వెనక్కి తోసే ఫ్రీక్వెన్సీ కనుక్కో. అక్కడ జె ఉన్న పదాలు పోవాలి, అంటే 6ప+ప³ సున్నా, ప² విలువ −6. మిగిలింది 1−30, అంటే −29. ఫేజ్ షిఫ్ట్ ఆసిలేటర్‌కి గెయిన్ (సిగ్నల్‌ని పెంచే రెట్లు) 29 ఉండాలని పుస్తకాల్లో ఉంటుందే, ఆ 29 ఇదే. లోడింగ్ లేకుండా మూడింటినీ విడివిడిగా గుణించి ఉంటే ఒక్కోటి 60 డిగ్రీలు తోసి సగం చేసేది, గెయిన్ 8 సరిపోయేది. నీ దగ్గరున్న 10 కిలోఓములు, 0.1 మైక్రోఫారడ్‌లతో ఈ ఫ్రీక్వెన్సీ సుమారు 390 హెర్ట్జ్ వస్తుంది. ఇంకో రెసిస్టర్, ఇంకో కెపాసిటర్ అడిగి తీసుకుని కొలిచి చూడు. అక్కడ అవుట్‌పుట్ చాలా చిన్నది, 6 వోల్టులకి 0.2 వోల్టులే వస్తుంది, కాబట్టి స్కోప్ రేంజి ముందే మార్చుకో.